కరగడం పైపొర నుంచే మొదలవుతుంది
ద్రవీభవన స్థానం (ఘనపదార్థం కరిగే ఉష్ణోగ్రత) రాగానే పరమాణువులన్నీ ఒక్కసారిగా పట్టు వదిలేస్తాయని, ఘనపదార్థాలు కరగడంపై ఒక వ్యాసంలో రాశారు. ఇది సరిదిద్దాల్సిన మాట. 1910లో భౌతిక శాస్త్రవేత్త లిండెమన్ చెప్పిన సూత్రం ప్రకారం, పరమాణువుల ఊగిసలాట పొరుగు పరమాణువు దూరంలో సుమారు పదో వంతుకు చేరితే స్ఫటికం (పరమాణువులు వరుసగా అమరిన ఘనం) నిలవదు. ద్రవీభవన స్థానం అంచనాకు బాగా పనికొస్తుంది కానీ, కరగడం ఎక్కడ మొదలవుతుందో చెప్పదు. మొదలయ్యేది ఉపరితలం మీద. అక్కడి పరమాణువులకు పైవైపు పట్టుకునేవారే లేరు కదా! సీసం 327.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాని ఒక స్ఫటిక ముఖం మాత్రం సుమారు 40 డిగ్రీల ముందే పరమాణువుల వరుస చెదరడం 1985లో అయాన్ (విద్యుదావేశమున్న పరమాణువుల) పుంజంతో చూశారు. వెండి స్ఫటికానికి బంగారు పూత వేస్తే ఆ స్వేచ్ఛా ఉపరితలం పోతుంది, అందుకే వెండి కరిగే 962 డిగ్రీలు దాటి ఇరవై డిగ్రీలకు పైగా వేడెక్కినా కాసేపు ఘనంగానే నిలిచింది.

ల్యాబులో నాఫ్తలీన్ ద్రవీభవన స్థానం (80 డిగ్రీలు) కొలిచేవారికి: పొడి మెత్తగా, పూర్తిగా ఆరి ఉండాలి. కేశనాళికలో (సన్నటి గాజు గొట్టంలో) 2-3 మిల్లీమీటర్ల ఎత్తున గట్టిగా దట్టించండి. 70 దాటాక నిమిషానికి ఒక డిగ్రీకి మించి పెంచొద్దు. తొందరపడితే థర్మామీటరుకూ పొడికీ వేడి సమానంగా అందదు, రీడింగు తప్పుతుంది. మలినముంటే కరిగే ఉష్ణోగ్రతల పరిధి కిందికి జారి, వెడల్పవుతుంది.