ఆటకి కూడా అపాయింట్‌మెంటా!

మా ఆరో తరగతి వాడు కింది ఫ్లాట్ పిల్లాడితో ఆడుకోవాలంటే నేను వాళ్ళమ్మకి వాట్సాప్ పెట్టాలి. "ఈరోజు అబాకస్ ఉందండీ, ఆదివారం 4 నుంచి 5 ఓకేనా?" అని జవాబు. పళ్ళ డాక్టరైనా ఇంతకంటే ముందే టైమిస్తాడు!

1990లలో మా వీధిలో గుమ్మం ముందు నిలబడి ఒక్క అరుపు అరిస్తే చాలు, సగం అన్నం వదిలేసి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పంటలు వేసుకుని ఏడు పెంకులాట మొదలు. పెంకులు పేర్చేలోపు వీపు మీద బంతి చురుక్కుమనేది. బుడ్డోడు ఏడిస్తే ఆటలో అరటిపండుగా కలుపుకునేవాళ్ళం. కటీఫ్ చెప్పుకున్నా సాయంత్రానికల్లా మేమే కలిసిపోయేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు చిన్నగా తోసుకున్నా పంచాయితీ అపార్ట్‌మెంట్ గ్రూపులో!

కరెంటు పోతే అప్పుడు వీధంతా ఒకటే కేక, వెన్నెల్లో దాగుడుమూతలు. ఇప్పుడు క్షణాల్లో జనరేటర్ వచ్చేస్తుంది, ఎవరి తలుపులు వాళ్ళవే.

పోనీ సెల్లార్‌లో ఆడుకోండిరా అంటే, కార్లకి గీతలు పడతాయని "ఇక్కడ బంతి ఆడరాదు" బోర్డు. అది పెట్టించిన పెద్దాయనే మొన్న లిఫ్టులో "ఈ కాలం పిల్లలు ఫోన్లు వదలరండీ" అని తెగ బాధపడిపోయాడు.