"స్ట్రాంగ్‌ది ఇవ్వన్నా" అంటే ఏమివ్వాలి?

బెంగళూరు మారతహళ్లిలో మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడితే రోజూ వినే మాట ఇది. అడిగేది యాంటీసెప్టిక్, అంటే చర్మం మీది క్రిముల్ని చంపే మందు. చుట్టూ పీజీలు, వాటి నిండా మన కుర్రాళ్లు. బండి జారి మోకాలు చెక్కుకుపోతే స్ట్రాంగ్‌ది కావాలి, ట్యాంకర్ నీళ్లకు ఒళ్లు దురద పెట్టినా స్ట్రాంగ్‌దే కావాలి. రోజూ బకెట్లో యాంటీసెప్టిక్ పోసుకుని స్నానం చేసి, చర్మం పొలుసులు లేస్తే దానికి మళ్లీ క్రీమ్ అడుగుతారు. నాకు రెండు బేరాలు. అయినా ఒళ్లు మండుతుంది.

అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2016లో, క్రిములు చంపడానికి కలిపే ట్రైక్లోసాన్‌తో కలిపి 19 రసాయనాలను ఇళ్లలో వాడే యాంటీబాక్టీరియల్ సబ్బుల నుంచి తీసేయమంది. మామూలు సబ్బు కంటే అవి మేలని కంపెనీలు రుజువు చూపలేకపోయాయి. అదీ "స్ట్రాంగ్" సంగతి.

అసలు ఈ యాంటీసెప్టిక్ మందులకు క్రిమి ఏదో మన కణం ఏదో బాగా తెలియదు. ఆసుపత్రుల్లో వాడే యాంటీసెప్టిక్ క్లోర్‌హెక్సిడిన్‌ది ధనావేశం, బాక్టీరియా పైపొరది రుణావేశం. అందుకే అతుక్కుని పొరను చీలుస్తుంది, లోపలిదంతా కారిపోయి అది చస్తుంది. అయోడిన్ అయితే ప్రొటీన్లనే ఆక్సీకరణం చేసి పాడుచేస్తుంది. పుండు మానడానికి పుట్టే మన కొత్త కణాలకూ ఈ దెబ్బ తగులుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి "క్రిములు చస్తున్నాయన్నా" అని సంబరపడతారు. క్రిములు లేకపోయినా నురగ వస్తుంది బాబూ, మన రక్తంలోని కాటలేస్ అనే ఎంజైమే చాలు దానికి. చిన్న గీరుడుకి కుళాయి కింద బాగా కడిగితే సరిపోతుంది.

అవసరమైన చోటేమో ఎవరూ వివరం చెప్పరు. ఆపరేషన్ ముందు రాత్రి, పొద్దున 4% క్లోర్‌హెక్సిడిన్‌తో ఒళ్లు కడుక్కోమని ఒక ఆసుపత్రి చీటీ రాసిచ్చింది. అంతే, ఇంకో ముక్క లేదు. తీసుకొచ్చిన పెద్దాయన "సబ్బుతో కలిపి రుద్దుకోనా నాయనా?" అన్నాడు. నేను ఆ నెలలో విన్న మంచి ప్రశ్న అది! సబ్బు మిగిలితే మందు సరిగా పనిచేయదు. ముందు సబ్బు పూర్తిగా పోయేలా కడుక్కుని, తర్వాత ఇది రాసి, ఒకట్రెండు నిమిషాలు ఉంచి కడిగేయాలి. ఆపైన పౌడరూ లోషనూ వద్దు, ఎందుకంటే చర్మం మీద మిగిలిన మందు గంటల తరబడి పనిచేస్తుంది. కళ్లలోకి, చెవుల్లోకి అసలు పోనివ్వకూడదు. కర్ణభేరికి చిల్లుంటే వినికిడే పోవచ్చు. దద్దుర్లు లేచి ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అరుదే, కానీ ప్రాణాంతక అలర్జీ గురించి 2017లో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరించింది.

పోవిడోన్ అయోడిన్ (గోధుమరంగు అయోడిన్ మందు) పూసి వెంటనే తుడిచేసేవాళ్లకు కూడా చెబుతున్నా, ఆరనివ్వండి, ఆరేలోపే దాని పని జరిగేది. థైరాయిడ్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా నా దగ్గర సీసా కొనకండి, నేనైతే ఇవ్వను.