బల్ల కింది స్విచ్ గారికి బహిరంగ లేఖ

ఆఫీసు కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే, ఎవరూ సెట్టింగులు మార్చలేని మహారాజశ్రీ ఎనిమిది పోర్టుల అన్‌మేనేజ్డ్ స్విచ్ గారి దివ్యసముఖానికి,

నిన్న మధ్యాహ్నం ఆఫీసు మొత్తాన్ని స్తంభింపజేసిన మీ ఘనకార్యాన్ని అభినందించకుండా ఉండలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ప్రింటర్ పలకలేదు, సర్వర్ అజాపజా లేదు. మీ దీపాలు మాత్రం అన్నీ ఒకే లయలో మిణుకుమంటూ, పని మహా జోరుగా సాగుతోందని నమ్మబలికాయి. నెట్ పోతే నేరం రౌటర్‌దేనని లోకం ఎప్పుడో తీర్పు చెప్పేసింది కనుక, అందరూ పాపం దాన్నే ఆర్పి వెలిగించారు. లైన్‌లో వచ్చే సిగ్నల్‌ను బిట్లుగా మార్చడం తప్ప మరేమీ ఎరుగని మోడెమ్‌నూ వదల్లేదు.

తీరా చూస్తే, వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో పుణ్యాత్ములు మీ 7వ పోర్టులో గుచ్చారు. దాని రెండో కొస అప్పటికే మీ 3వ పోర్టులో ఉంది. ఒకప్పుడైతే మామూలు కేబుల్‌తో అలా కలిపితే లింకే వచ్చేది కాదు, లోపలి తీగలు అటూ ఇటూ మార్చిన క్రాస్ కేబుల్ కావలసివచ్చేది. ఇప్పుడు ఆ తీగల మార్పును తనంతట తానే చూసుకునే ఆటో ఎమ్‌డీఐ-ఎక్స్ పుణ్యమా అని ఏది గుచ్చినా మీరే సర్దుకుపోతారు.

మీకు ముందున్న హబ్ గారిని మేము మందమతి అని వెక్కిరించాం. ఒక పోర్టులో వచ్చిన బిట్లను మిగతా అన్నిటిలోకీ ఊదడమే ఆయనకు తెలిసిన విద్య. మీరు అలా కాదు, ప్రతి ఫ్రేమ్ (డేటా పొట్లం) మీదా పంపినవారి 48 బిట్ల మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు చిరునామా) చదివి, ఎవరు ఏ పోర్టు వెనుక ఉన్నారో పట్టికలో రాసుకుంటారని విని పొంగిపోయాం. ఇంత చదువుకున్న మీకు, మీరే పంపిన ఫ్రేమ్ పక్క పోర్టులోంచి తిరిగివస్తే పోల్చుకోవడం చేతకాలేదా? 1వ పోర్టులోని కంప్యూటర్, ఫలానా ఐపీ అడ్రస్ ఎవరిదని ఏఆర్పీ బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ వెళ్లే కేక, ఒక్కటి వేసింది. 3లో బయల్దేరిన నకలు 7లోకి, 7లో బయల్దేరినది 3లోకి వచ్చాయి. రెండూ కొత్తవే కాబోలనుకుని మీరు మళ్లీ అందరికీ పంచారు, మళ్లీ వచ్చాయి, మళ్లీ పంచారు. తరువాత వచ్చిన ప్రతి బ్రాడ్‌కాస్టూ ఆ ఊరేగింపులోనే కలిసింది, అసలు పనికి దారే మిగల్లేదు. 1లో కదలకుండా కూర్చున్న ఆ కంప్యూటర్, మీ పట్టికలో మాత్రం క్షణం 3లో, మరుక్షణం 7లో కాపురం పెట్టింది.

అందరూ తిట్టిన రౌటర్ దగ్గర ఈ ఆటలు సాగవు. ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ అనే ఆయుష్షు ఉంది. ఎంత ఎక్కువైనా 255, దాటిన ప్రతి రౌటరూ ఒకటి తగ్గిస్తుంది, సున్నా కాగానే పారేస్తుంది. మీ ఈథర్నెట్ ఫ్రేమ్‌కు చావు రాసిపెట్టి లేదు. కేబుల్ పీకితే తప్ప.

ఇలా తిరిగి తనలోకే చేరే దారిని లూప్ అంటారు, దీనికి విరుగుడుగా నెట్‌వర్క్ ఇంజనీర్ రేడియా పెర్ల్‌మన్ 1985లోనే స్పానింగ్ ట్రీ అనే పద్ధతిని రూపొందించారు. తాను పంపిన సందేశం తనకే తిరిగివస్తే లూప్ పడిందని గ్రహించి ఒక పోర్టు మూసేయడం మీ అన్నగారైన మేనేజ్డ్ స్విచ్‌కు తెలుసు. నీకెందుకు తెలియదు? మూయలేకపోతే పోనీ, తప్పు జరిగిందని ఒక్క ఎర్రదీపమైనా వెలిగించి ఏడవలేకపోయావా? అందరూ రౌటర్‌ను చావబాదుతుంటే బల్ల కింద నక్కి పచ్చగా నవ్వుతావా?

లూప్‌ను పసిగట్టే స్విచ్ ఒకటి నీ చోటికి వస్తోంది. నిన్ను పారేయను, ఇన్నేళ్లలో ఒక్కసారైనా రీస్టార్ట్ అడగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మూల గదిలో ఒక ప్రింటర్, రెండు కంప్యూటర్లు ఉన్నాయి, వాటిని చూసుకో. మిగిలిన పోర్టులన్నిటికీ టేపు వేసే పంపుతాను.

ఇట్లు,
విధేయుడు కాని నీ వినియోగదారుడు