పక్కింటి పాదుతో పోటీ: ఒక ముసాయిదా నియమావళి

కూరగాయలు పెంచుకునేవాళ్ళకు ఈ మధ్య ఎవరిని అడిగినా ఒకటే సలహా. మీ తోటను పక్కవాళ్ళ తోటతో పోల్చుకోకండి, మనశ్శాంతి పోతుంది అని. సలహా బంగారం లాంటిదే, అమలయ్యేది మాత్రం కాదు. గోడకు అవతల వంగ మొక్క కాయల బరువుకు ఒరిగిపోతుంటే ఇవతలివాడి చూపు అటు పోకుండా ఆపేంత ఎత్తు గోడ ఎవరూ కట్టలేదు. తనెక్కడున్నాడో తేల్చుకోవడానికి మనిషి పక్కవాళ్ళ వైపు చూస్తాడని లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే సిద్ధాంతం రాసిపెట్టాడు. కొలవడానికి వేరే సాధనం లేనప్పుడు మరీ చూస్తాడట. తోట పెంచేవాడి దగ్గర తక్కెడ ఉంటుంది, టేపు ఉంటుంది. అయినా చూస్తాడు.

అందుచేత నిషేధం వద్దు, నియంత్రణ చాలు. పోల్చుకోండి, కాకపోతే పద్ధతిగా పోల్చుకోండి.

పద్ధతి అంటే ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్ళదే పద్ధతి. బ్రాడ్‌బాక్ అనే పొలంలో 1843లో గోధుమ మీద మొదలుపెట్టిన ఎరువుల ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. అందులో ఒక మడికి పశువుల ఎరువు పడుతూనే ఉంది, ఇంకో మడికి అప్పటినుంచి చారెడు ఎరువు కూడా వేయలేదు. పక్క మడి ఏపుగా ఎదుగుతుంటే చూస్తూ నూట ఎనభై ఏళ్ళుగా అది నోరు మెదపకుండా పడి ఉంది. మనలో ఎవరికైనా ఒక్క సీజను అంత ఓర్పు ఉందా?

1919లో రోనాల్డ్ ఫిషర్ అనే గణిత మేధావి అక్కడ ఉద్యోగంలో చేరాడు. ఒకే పొలంలో పక్కపక్కన ఉన్న మడులు కూడా ఒకలాంటివి కావనీ, ఏ మడికి ఏ ఎరువు వేయాలో చీటీలు తీసినట్టు తేల్చాలనీ, ఒక్కో ఎరువునూ ఎన్నో మడుల్లో వేసి చూస్తేగానీ తేడా ఎరువు వల్ల వచ్చిందో మట్టి వల్ల వచ్చిందో చెప్పలేమనీ వాదించాడు. అదంతా ఒకే పొలంలో, ఒకే వాన కింద జరిగే వ్యవహారం. మనమేమో ఎవరో పంపిన ఫోటో చూసి, పక్కన కొలతకు అగ్గిపెట్టె కూడా లేని ఫోటో చూసి, మన కుండీలో మొక్కకు శిక్ష ఖరారు చేసేస్తాం.

కాబట్టి నియమావళి ప్రకారం అసూయపడదలచినవారు ముందుగా ఎండ లెక్క సమర్పించాలి. టమాటాకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు నేరుగా ఎండ తగలాలి. మీ కుండీ మీద మధ్యాహ్నమంతా నీళ్ళ ట్యాంకు నీడ పడుతుంటే కేసు అక్కడే కొట్టేస్తారు. తర్వాత వయసు ధ్రువీకరణ. నారు కొనుక్కొచ్చి నాటినవాడు, విత్తు వేసి మొలక కోసం కూర్చున్నవాడికన్నా దాదాపు నెల ముందుంటాడు. ఆపైన రకం. కొన్ని టమాటా రకాలు ఒక ఎత్తు వరకే పెరిగి, కాపంతా ఒక్కసారిగా ఇచ్చి ఊరుకుంటాయి. మరికొన్ని తీగలా సాగుతూ నెలల తరబడి కొద్దికొద్దిగా కాస్తాయి. వీటిని పక్కపక్కన నిలబెట్టి తీర్పు చెప్పడమంటే ఒకటో తారీఖున జీతగాడి జేబునూ చిల్లర దుకాణం గల్లానూ ఎంచి చూడటమే.

సొర పాదు వేసినవాళ్ళకు ప్రత్యేక నిబంధన ఉంది. మొదట వచ్చేవి చాలావరకు మగపువ్వులే. సాయంత్రం పూట పువ్వును మెల్లగా తిప్పి చూడండి. రేకుల వెనక సన్నటి కాడ మాత్రమే ఉంటే మగపువ్వు. చిటికెన వేలంత నూగు పిందె ఉంటే ఆడపువ్వు. ఆ పిందె కనబడే వరకు ఎవరి పాదు వైపూ చూసి నిట్టూర్చరాదు. గడువుకు ముందే వేసిన వ్యాజ్యాలు విచారణకు రావు.

ఇక సాక్ష్యాల సంగతి. "ఏం వేస్తున్నారండీ?" అని అడిగితే పచ్చగా పెంచినవారందరూ ఇచ్చే వాంగ్మూలం ఒకటే: "ఏం వేస్తామండీ, నీళ్ళు పోస్తామంతే." ఈ మాట అన్నవారి మెట్ల కింద ఉన్న బస్తాలను తనిఖీ చేసే హక్కు పక్కింటివారికి ఉండాలని నా గట్టి అభిప్రాయం. పైగా ఆ పచ్చదనం కూడా అనుమానించదగ్గదే. నత్రజని ఎక్కువైతే టమాటా ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, కొమ్మలు గుబురుగా అల్లుకుంటాయి, కాయలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి మొక్కను చూసి రెండు వారాలు కుళ్ళుకున్నవాళ్ళు నష్టపరిహారం కోరవచ్చు.

అసలు ఈ సలహా ఎప్పుడూ వెనకబడినవాళ్ళకే ఎందుకిస్తారో నాకు అంతుపట్టదు. మొదటి టమాటా ఎర్రబడ్డవాడి దగ్గరికి వెళ్ళి "పోల్చుకోకు నాయనా" అని చెప్పినవాళ్ళెవరైనా ఉన్నారా? వాడు చుట్టాల్ని పిలిచి మరీ తోట తిప్పి చూపిస్తాడు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత రాలిపోతుంది. ఆ ఎండ గోడకు రెండు వైపులా ఒక్కలాగే కాస్తుంది. అయినా "మీకూ రాలిందా?" అని అడిగేటప్పుడు గొంతులో పలికే సంతోషం చూడాలి. దీని మీద పన్ను వేస్తే ప్రభుత్వాలు సుభిక్షంగా నడుస్తాయి.

కాపు విరగబడే రోజుల్లో పోటీ దానంతటదే తలకిందులవుతుంది. బెండ రెండు మూడు రోజులు కోయకపోతే ముదిరి పీచెక్కుతుంది, సొరకాయలు గంపకు పట్టవు. అప్పుడు గెలిచినవాడే సంచీతో గడపగడపా తిరుగుతాడు, ఓడినవాళ్ళు తలుపు సందులోంచి చూసి ఇంట్లో లేమన్నట్టు ఊరుకుంటారు. ఈ అంకానికి నియమావళిలో ఒకే ఒక్క షరతు పెట్టాం. అలా అందుకున్న సొరకాయను సొంత పాదు దగ్గర నిలబెట్టి ఫోటో తీసేవారు, కనీసం దాని తొడిమకు కట్టిన పక్కింటివాళ్ళ దారం విప్పి తీయాలి.