తమరు ఎప్పుడు దయచేస్తారు, సాచురేషన్ గారూ?

మహారాజశ్రీ డేటా సాచురేషన్ గారి దివ్యసముఖానికి,

పాలకొల్లు దగ్గర ఒక చెరువు గట్టు మీద నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనడానికి లేదు. తమరి క్షేమం సంగతి నాకు తెలీదు, నా క్షేమం నిన్న మధ్యాహ్నం మూడింటికి పోయింది.

నా పీహెచ్‌డీకి రొయ్యల రైతులతో చేస్తున్న ఇంటర్వ్యూల్లో పన్నెండోదానికల్లా తమరు వచ్చేస్తారన్నారు. మా గైడ్‌గారు ఆ మాట ఎంత ధీమాగా చెప్పారనుకున్నారు! "కంగారు పడకమ్మా. కొన్నాళ్ళు పోయాక చెప్పిందే చెప్తుంటారు, కొత్త ముక్క ఒక్కటీ రాదు. అప్పుడు ఆపేయ్. అదే సాచురేషన్." నేను నమ్మాను. నర్సాపురం ప్యాసింజరు టైమ్ టేబుల్ నమ్మినట్టు నమ్మాను.

పన్నెండు అయ్యాయి. నిజంగానే అందరూ చెప్పిందే చెప్పారు. తమరొచ్చేశారనుకుని ఆ రాత్రే మెథడాలజీ చాప్టర్లో "డేటా సాచురేషన్ వాజ్ అచీవ్డ్" అని కొట్టేశాను. ఎవరు అచీవ్ చేశారో ఆ వాక్యంలో ఉండదు, దాని అందమే అది. ఎందుకైనా మంచిదని ఇంకో నాలుగు చేశాను. పదహారు. అవే మాటలు. "ఎలాగూ పదహారు చేశావు, ఇరవై చేసేయమ్మా, రౌండ్ ఫిగర్ బాగుంటుంది" అన్నారు గైడ్‌గారు. మాటలతో నడిచే క్వాలిటేటివ్ రీసెర్చిలో అంకె ముఖ్యం కాదని మొదటి సెమిస్టర్లో మాకు క్లాసు పీకింది కూడా ఆయనే.

ఆ రౌండ్ ఫిగర్ కోసం వెళ్ళిందే నిన్నటి పదిహేడోది.

నా టాపిక్ తమరికి ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటుంది. రొయ్యల రైతులు రేటు సంగతి ఎక్కణ్ణించి తెలుసుకుంటారు, తెలిసినవాటిలో దేన్ని నమ్ముతారు. పదహారు మంది చెప్పిందీ ఇది: "పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో కౌంట్ల వారీ, కేజీకెన్ని రొయ్యలో ఆ లెక్కన, రేట్లు వచ్చేస్తాయండి. ముప్పై కౌంటు ఇంత, నలభై ఇంత, వంద ఇంత. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళకి ఫోన్ కొడతాం. ఎవడు ఎక్కువిస్తే వాడికి. ఆయ్, అంతేనండి." ఈ "ఆయ్" దగ్గర నేను "అంగీకారం" అని కోడ్, అంటే అర్థం చెప్పే చీటీ, పెట్టాను. గోదారి మనిషి ఆయ్ అంటే ఒప్పుకున్నాడని కాదు, మర్యాదగా వింటున్నాడని, ఒక్కోసారి ఇంక లేవమని. పుట్టి పెరిగింది ఇక్కడే, కోడింగ్ షీటు ముందు కూర్చునేసరికి నాకే గుర్తులేదు.

సరే, అది నా తప్పు. తమరి తప్పు దగ్గరికి వస్తున్నాను.

ఆవిడ పేరు థీసిస్‌లో ఆర్-17. రెండెకరాల చెరువు, లీజు. నేను వెళ్ళేసరికి గట్టు మీంచి వేసిన చెక్క వంతెన చివర కూర్చుని, మేత వేసి చూసే చెక్ ట్రే పైకి లాగుతోంది. ఫోన్ రికార్డింగులో పెట్టి మేత బస్తా మీద ఉంచాను. అవతల నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు గడగడలాడుతున్నాయి. కన్సెంట్ ఫారం చేతికిస్తే రెండు పేజీలూ అటూ ఇటూ తిప్పి, "లీజు కాయితం కూడా ఇంత లేదు" అని సంతకం పెట్టింది.

"రేటు ఎలా తెలుసుకుంటారు పిన్నిగారూ? గ్రూపులో చూస్తారా?" అన్నాను. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడగకూడదని మొదటి యూనిట్లోనే చదివాను, మార్కులు కూడా వచ్చాయి.

"గ్రూపులో చూసేది మగాళ్ళు పాపా. చూసి ఏం చేస్తారు? లోపలికొచ్చి మమ్మల్ని అడుగుతారు."

"మీకెలా తెలుస్తుందండీ?"

"మా వీధిలో నలుగురు రొయ్యల ప్లాంటుకెళ్తారు కదా, తల తీసే పనికి. తెల్లారి వ్యాన్ ఎన్నింటికొచ్చింది, రాత్రి ఎన్నింటికి దింపింది, చూసుకోవడమే. ఓటీ చేయమన్నారంటే సరుకు కావాలన్నమాట. రెండ్రోజులు ఇంట్లో ఉండండి, కబురు చేస్తాం అన్నారంటే రేటు పడిపోద్ది. అది నీ గ్రూపులోకి వచ్చేసరికి మా చెరువు పట్టేయడం కూడా అయిపోద్ది."

నేను ఇంకా తేరుకోలేదు, ఆవిడ ఆగలేదు. కొనేవాడు ఫోన్ చేసి ముందు "పట్టుబడి ఎప్పుడండీ" అన్నాడంటే వాడికి అవసరం ఉందట. ముందు "మీవైపు వైట్ స్పాట్ రోగం ఉందంట కదా" అన్నాడంటే దించడానికి చూస్తున్నాడట. రేటు చివర్లో ఎలాగూ చెప్తాడు, వినాల్సింది మొదటి మాట. కమ్యూనికేషన్ స్టడీస్‌లో రెండేళ్ళు ఎంఏ, ఆ పైన రెండేళ్ళు పీహెచ్‌డీ చేసిన నేను మేత బస్తా పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డాను.

బయటికొచ్చి గైడ్‌గారికి ఫోన్ చేశాను. "దాన్ని నెగటివ్ కేస్ అంటారమ్మా, మిగతావాళ్ళ మాటకి ఎదురొచ్చే మాట. లింకన్, గూబా తమ పద్ధతుల పుస్తకంలో 1985లోనే రాశారు. ఒక పేరాలో పెట్టేయ్" అన్నారు. పేరాలోనా! పెట్టేద్దునేమో కూడా. కానీ రాత్రి నిద్ర పట్టక పాత రికార్డింగులు మళ్ళీ పెట్టుకుని విన్నాను.

నాలుగో ఇంటర్వ్యూ. రైతు చెప్తున్నాడు, "గ్రూపులో చూశాకే పట్టించామండి." వెనకాల ఎక్కడో వంటింటి వైపు నుంచి ఒక ఆడగొంతు, "గ్రూపేంటి, ఎదురింటి పిల్ల చెప్పలా?" ఆయన, "ఆయ్... నువ్వుండు." తర్వాత గ్లాసుల చప్పుడు. నా ట్రాన్స్‌క్రిప్టు తీసి చూశాను. అక్కడ నేను టైపు చేసింది ఒక్కటే మాట, బ్రాకెట్లో: అంతరాయం.

తొమ్మిదోది. "అంతరాయం, కాఫీ." వింటే ఆ కాఫీ తెచ్చినావిడ నా ప్రశ్నకి జవాబు చెప్తోంది, నేను "థాంక్సండీ" అని ఆవిడ మాట మీదే మాట్లాడేశాను. పద్నాలుగోది, "అంతరాయం, కుటుంబ సభ్యులు." తెల్లారి నాలుగింటి దాకా విన్నాను. పదహారింటిలో పదకొండు చోట్ల ఎవరో ఒకావిడ ఏదో ఒక ముక్క అంది. పదకొండు చోట్లా అంతరాయమే. ఏరియేటర్ శబ్దానికి మాత్రం నిమిషాలూ సెకన్లతో సహా నోట్ పెట్టాను.

గంట రికార్డింగు కాయితం మీదికి ఎక్కించడానికి నాకు ఆరు గంటలు పట్టేది. అన్ని గంటలు చెవిలో పెట్టుకుని కూర్చున్నదాన్ని, వాళ్ళ మాట చెవికెక్కనే లేదు. ఆడపిల్లనే కదా అని ఆ ఇళ్ళవాళ్ళు వంటింట్లోకి రమ్మన్నారు కూడా. నేనే, రీసెర్చ్ స్కాలర్‌ని కాబట్టి, వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

ఇప్పుడు చెప్పండి, పన్నెండో ఇంటర్వ్యూ దగ్గర తమరు వచ్చారా? తమరిదని చెప్పి ఎవరు వచ్చి వెళ్ళారు?

తమరి పుట్టుపూర్వోత్తరాలు తీశాను, క్షమించాలి. 1967లో గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు అమెరికన్ సమాజశాస్త్రజ్ఞులు తమరికి నామకరణం చేశారు. ఆసుపత్రుల్లో చావుకి దగ్గరపడిన రోగుల దగ్గర మాటలు ఎలా నడుస్తాయో చూసిన మనుషులు. వాళ్ళు తమరిని ఎక్కడ వెతకమన్నారు? ఒకేలాంటి పదిమందిని అడిగి ఆపేయమన్నారా? వేరేగా ఉండే చోటికి వెళ్ళండి, తేడా ఉన్న గుంపుని పట్టుకోండి, అక్కడా మీ కేటగిరీకి కొత్తదేమీ కలవకపోతే అప్పుడు అనుకోండి అన్నారు. ఎంత పద్ధతైన పుట్టుక! పెంపకం చూస్తే ఇదీ.

ఆ పన్నెండు అంకె కూడా ఎక్కడిదో చూశాను. 2006లో గెస్ట్, బన్స్, జాన్సన్ ముగ్గురూ ఘానా, నైజీరియాల్లో 60 మంది ఆడవాళ్ళతో చేసిన ఇంటర్వ్యూలు ముందేసుకుని, కొత్త కోడ్‌లు ఎప్పుడు ఆగుతున్నాయో లెక్క చూశారు. చాలామటుకు పన్నెండు లోపే వచ్చేశాయన్నారు. ఒకేలాంటి మనుషులు, ఇరుకైన ప్రశ్న అయితేనే సుమా అని పక్కనే రాశారు. పన్నెండు మాత్రం ప్రయాణం చేసి గోదావరి జిల్లాల దాకా వచ్చింది. పక్కనున్న మాట ఘానాలోనే దిగిపోయింది.

మరి నా పదహారు మందీ ఒకేలాంటి మనుషులు ఎందుకయ్యారు? మా సాంప్లింగ్ పేరు స్నోబాల్. పొగమంచు తప్ప వేరే మంచు ఎరగని ఊళ్ళో స్నోబాల్! మొదటి రైతు తన బావమరిదిని చూపించాడు. బావమరిది తన వియ్యంకుణ్ణి చూపించాడు. ఆయన గ్రూపు అడ్మిన్‌కి ఫోన్ కలిపిచ్చాడు. పదహారు మందీ ఒకే వాట్సాప్ గ్రూపు. అందరూ ఒకే మాట చెప్తున్నారని నేను మురిసిపోయాను.

థీమ్స్, అంటే జవాబులన్నిట్లోంచి తీసే ముఖ్యమైన అంశాలు, వాటి సంగతి ఎత్తను, ఎత్తితే ఇంకో ఉత్తరం అవుతుంది. "థీమ్స్ ఎమర్జ్ అయ్యాయి" అని రాస్తారు, వాటంతట అవే పైకి తేలినట్టు. మావైపు రొయ్యలు తెల్లవారుజామున పైకి తేలాయంటే నీళ్ళలో ఆక్సిజన్ లేదని అర్థం, రైతు లుంగీ ఎగ్గట్టుకుని పరిగెడతాడు. థీమ్స్ తేలితే మాత్రం గైడ్‌గారు సంతోషిస్తారు. ఈ థీమాటిక్ అనాలిసిస్‌కి 2006లో దారి వేసిన బ్రౌన్, క్లార్క్‌లు కూడా థీమ్స్ తేలవు, మీరే కడతారని అప్పుడే చెప్పారు. తమరి అవసరం తమ పద్ధతికి లేదని తర్వాత్తర్వాత తేల్చేశారు. ఆ వ్యాసాలు మా లైబ్రరీలో ఎవరూ తెరిచిన గుర్తులు లేవు.

మర్యాద ఇక్కడిదాకే వచ్చింది, ఏమనుకోకు.

అసలు నువ్వు వచ్చావో లేదో ఎవరికి తెలుసు? 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేశాడు. ఈరోజుకీ శివారు పొలానికి నీళ్ళు ఎప్పుడొస్తాయో కాలవ నీళ్ళు వదిలే లస్కరుని అడిగితే "వచ్చేత్తాయండి" అంటాడు. కానీ ఆ నీళ్ళు వస్తే కనీసం కళ్ళకి కనిపిస్తాయి, కాళ్ళకి తడి తగులుతుంది. నువ్వొస్తే తెలిసేదెలా? ఫెలోషిప్ డబ్బులు ఆగినప్పుడు వస్తావు. సబ్మిషన్ తేదీ దగ్గరపడినప్పుడు వస్తావు. స్కూటీలో పెట్రోలు అయిపోయినప్పుడు వస్తావు. నా సీనియర్లందరికీ కచ్చితంగా సెమిస్టర్ ఆఖరి వారంలోనే వచ్చావు, ఏం యాదృచ్ఛికమో. విసుగొచ్చిందని రాస్తే ఎగ్జామినర్ ఊరుకోడు గనక నీ పేరు రాస్తారు. నేనూ రాశాను. పదకొండు మంది ఆడవాళ్ళు మాట్లాడుతుంటే నేను గ్లాసు అందుకుని థాంక్సండీ అన్నాను, చెవులు మూసుకున్నాను, దానికి నీ పేరు పెట్టి అచీవ్డ్ అని కొట్టాను!

ఇంత తిట్టాక ఒకటి చెప్పాలి. నీ అబద్ధమే లేకపోతే నాకీ కోపం లేదు, ఈ కోపం లేకపోతే నాలుగో రికార్డింగు మళ్ళీ పెట్టేదాన్నీ కాదు. నిన్న ఆవిడ దగ్గర జరిగిన ఇంకో సంగతి కూడా నీకు చెప్పాలనే ఉంది.

చెక్ ట్రే పైకి వచ్చింది. అంచుల్లో మేత గుళికలు మిగిలే ఉన్నాయి. ఇంటర్వ్యూకి సంబంధం లేదు, ఏదో ఒకటి అనాలి కదా అని, "కడుపు నిండినట్టుంది పిన్నిగారూ, మిగిల్చేశాయి" అన్నాను.

ఆవిడ నవ్వింది. "మిగిలిస్తే నిండినట్టేనా? మబ్బు పట్టినా తినవు. గుల్ల విడిచే రోజుల్లోనూ తినవు. రోగం తగిలినా తినవు. ట్రే చూసి చెప్పేస్తే ఎలా పాపా, పేగు చూడాలి." ట్రేలోంచి ఒక రొయ్యని రెండు వేళ్ళతో తీసి ఎండకి అడ్డం పట్టింది. గాజులా ఉంది ఒళ్ళు. వీపులో నల్లదారంలా పేగు, సగం దాకా వచ్చి తెగిపోయింది. "ఇదిగో, ఇక్కడి నుంచీ ఖాళీ" అని గోటితో చూపించి, రొయ్యని నీళ్ళలోకి వదిలేసి, పూటకి మేత తగ్గించమని కొడుక్కి కేకేసింది.

సోమవారం రివ్యూ. పవర్‌పాయింట్‌లో నీ స్లైడు తీసేశాను. గైడ్‌గారికి ఇంకా చెప్పలేదు, ఆ తలనొప్పి ఆదివారం రాత్రికి ఉంచుకున్నాను. రేపు తెల్లారి అయిదింటికి ఎదురింటి పిల్లతో పాటు ప్లాంటు వ్యాన్ ఆగే చోటికి వెళ్తున్నాను. పద్దెనిమిదోది అక్కడే. వ్యాన్‌లో పద్నాలుగు సీట్లకి ఇరవై మంది ఎక్కుతారట. తమరు మాత్రం దయచేయకండి, చోటుండదు.

ఇట్లు,
తమరి కోసం పదహారు ఇళ్ళలో కాఫీ తాగిన
ఒక పరిశోధక విద్యార్థిని

తాజా కలం: నిన్న అక్కడ కూడా కాఫీ ఇచ్చారు. తెచ్చింది ఆవిడ కొడుకు. మధ్యలో ఏదో అనబోతే ఆవిడ "నువ్వుండు" అంది. అతనన్న ముక్క మొత్తం టైపు చేశాను.