తీవ్రంగా ఖండించడమంటే మాటలా!

యూరప్ విదేశాంగ మంత్రులను వెక్కిరించడం ఈ మధ్య అందరికీ అలవాటైపోయింది. ఏమీ చేయరట, మాట్లాడుకుని వెళ్లిపోతారట. ఇది అన్యాయం. యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల మంత్రులు నెలకోసారి ఒకచోట చేరి, పొద్దుటి నుంచి ప్రపంచాన్నంతా చర్చించి, సాయంత్రానికి ఒక్క నిర్ణయం కూడా నోరు జారకుండా చూసుకోవడం ఆషామాషీ వ్యవహారమా? మనల్ని అలా కూర్చోబెడితే మధ్యాహ్నం భోజనాలయ్యే సరికి పొరపాటున ఏదో ఒకటి తేల్చేస్తాం.

ముందు వాళ్ల సభాస్థలి సంగతి. బ్రస్సెల్స్‌లోని యూరోపా భవనం గాజు పెట్టెలో పెట్టిన పెద్ద గుడ్డులా ఉంటుంది. సభ్య దేశాల నుంచి తెప్పించిన పాత కిటికీల చట్రాలను వేల సంఖ్యలో దాని ముఖానికి అతికించారు. 2017లో వాడకంలోకి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో వంటగదిలోంచి ఘాటైన వాయువులు వచ్చి సిబ్బంది ఆస్పత్రి పాలయ్యారు. దాంతో దేశాధినేతల సమావేశాన్ని పక్కనున్న పాత భవనానికి మార్చేశారు. దానికి ఎవరూ వీటో వేయలేదు, వర్కింగ్ గ్రూపు వేయలేదు, అధ్యయనం కోరలేదు. ముక్కుకు సెగ తగిలితే యూరప్ ఎంత చురుగ్గా కదలగలదో లోకానికి తెలిసింది.

ఏప్రిల్, జూన్, అక్టోబరు నెలల్లో మాత్రం సమావేశాల మకాం మామూలుగా లక్సెంబర్గ్‌కు మారుతుంది. ఎందుకంటే 1965లో అలా రాసుకున్నారు. అప్పట్లో దాన్ని తాత్కాలిక ఏర్పాటు అన్నారు.

ఇక పని. నల్ల కార్లు వరసగా వచ్చి ఆగుతాయి. మంత్రి దిగుతారు, మైకుల ముందు నిలబడతారు, ఈరోజు సమావేశం చాలా కీలకమైనదంటారు. పోయిన నెల సమావేశమూ కీలకమైనదే. లోపల 2024 డిసెంబరు నుంచి విదేశాంగ వ్యవహారాల అధిపతిగా ఉన్న కాయా కల్లాస్ అధ్యక్ష స్థానంలో కూర్చుంటారు. ఆవిడ ఎస్టోనియా మాజీ ప్రధాని, గట్టిగా మాట్లాడే మనిషి. అయితే విదేశాంగ విధానంలో దాదాపు ప్రతి నిర్ణయానికీ ఏకగ్రీవం కావాలి. 45 కోట్ల జనాభా తరఫున ఎంత గట్టిగా మాట్లాడినా, ఏ మూల కూర్చున్న మంత్రయినా తల అడ్డంగా ఊపితే కథ కంచికే. అందుకని యూనియన్ ఒప్పందంలో ఒక వెసులుబాటు పెట్టుకున్నారు. ఇష్టం లేని దేశం ఓటు వేయకుండా, అడ్డుపడకుండా పక్కకు తప్పుకోవచ్చు. దానికి నిర్మాణాత్మక గైర్హాజరు అని పేరు. పాము చావకుండా, కర్ర విరగకుండా ఉండేందుకు చట్టంలో ఏకంగా ఒక అధికరణం రాసుకున్న ఖండం ఇంకెక్కడైనా ఉందా?

అది కూడా పనిచేయకపోతే కాఫీ ఉంది. 2023 డిసెంబరులో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టే విషయం దగ్గర హంగరీ ప్రధాని ఓర్బన్ ససేమిరా అన్నారు. జర్మన్ చాన్సలర్ షోల్జ్ ఆయన్ని కాసేపు బయటికి వెళ్లి కాఫీ తాగి రమ్మన్నారు. ఆయన లేచి వెళ్లారు, మిగిలిన 26 మంది సరే అనుకున్నారు. అది మంత్రుల సభ కాదు, వాళ్ల పైవాళ్ల సభ. అయినా మన మంత్రులకు ఇంతకన్నా మంచి ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది?

అసలు ప్రతిభ చూడాలంటే 2025 జూలై 15 సమావేశం చూడాలి. గాజా నేపథ్యంలో ఇజ్రాయెల్‌తో ఉన్న ఒప్పందంలోని మానవ హక్కుల షరతుకు ఉల్లంఘన జరిగినట్టు సూచనలున్నాయని జూన్‌లోనే సొంత సమీక్షలో తేలింది. గమనించండి, ఉల్లంఘన అనలేదు, సూచనలు అన్నారు. ఇప్పుడేం చేద్దామని కల్లాస్ పది మార్గాలు రాసి మంత్రుల ముందు పెట్టారు. వాళ్లు పదింటినీ శ్రద్ధగా పరిశీలించి, ఒక్కదాన్నీ ఎంచుకోకుండా, దేన్నీ పక్కన పెట్టకుండా లేచారు. ఒక్క మార్గమే ఉంటే వద్దనడం ఎవరికైనా చేతనవుతుంది. పది ఉండగా ఏదీ తాకకుండా రావాలంటే సాధన కావాలి. అక్కడ ఆకలితో ఉన్నవాళ్లకు ఈ సాధన ఎంతవరకు అర్థమైందో మరి.

దానికి కొద్ది వారాల ముందు, జూన్ 20న, జెనీవా. ఇరాన్ విదేశాంగ మంత్రి అరాగ్చీతో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ మంత్రులు, కల్లాస్ గంటల తరబడి మాట్లాడారు. చర్చలు కొనసాగాలని బయటికొచ్చి చెప్పారు. ఇరాన్‌కు యూరప్‌తో మాట్లాడాలని లేదు, మాతోనే మాట్లాడాలనుకుంటోంది అని అదే రోజు ట్రంప్ తేల్చేశారు. ఆ తర్వాత రెండు రోజులు తిరక్కుండానే అమెరికా విమానాలు ఇరాన్ అణు కేంద్రాలున్న ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్ మీద బాంబులు వేశాయి. యూరప్ మంత్రులు ఉద్రిక్తతలు తగ్గించుకోవాలని అన్ని పక్షాలకూ విజ్ఞప్తి చేశారు. చర్చలు జరుపుతున్న మీకు అమెరికా ముందు చెప్పిందా అని ఎవరూ గుచ్చి అడగకుండా ఉంటే మర్యాదగా ఉండేది.

ఏమీ చేయరనే వాళ్లకు రష్యా ఆంక్షలు చూపిస్తాను. 18వ ప్యాకేజీ 2025 జూలైలో వచ్చింది. రష్యా గ్యాస్ ఆపేస్తే తమ సంగతేమిటో తేల్చమని స్లొవాకియా కొన్ని వారాలు అడ్డుకుని, చివరికి దిగొచ్చింది. అందులో మన గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ కూడా ఉంది. దానిలో రష్యా కంపెనీ రోస్‌నెఫ్ట్‌కు దాదాపు సగం వాటా ఉందని. అదే వేసవిలో రష్యా నుంచి ఓడల్లో వచ్చే ద్రవ గ్యాస్‌ను యూరప్ రేవులు దించుకుంటూనే ఉన్నాయి. దాన్ని క్రమంగా మానేస్తామన్నారు. క్రమంగా అన్నది చాలా బరువైన మాట, తేలిగ్గా తీసుకోకండి.

వీళ్లకు కోపం రాదనుకుంటే అదీ పొరపాటే. 2024 జూలైలో యూనియన్ అధ్యక్ష బాధ్యత ఆరు నెలల వంతు కింద హంగరీకి వచ్చిన నాలుగైదు రోజులకే ఓర్బన్ మాస్కో వెళ్లి పుతిన్‌తో చేతులు కలిపారు. మంత్రులు ఆరు నెలలకోసారి టైలు విప్పి తీరిగ్గా కబుర్లాడుకునే సమావేశం ఒకటుంటుంది. 1974లో జర్మనీలోని గిమ్నిష్ కోటలో మొదలైంది కాబట్టి ఇప్పటికీ దాన్ని గిమ్నిష్ అనే అంటారు. వంతు హంగరీది కాబట్టి ఆ ఆగస్టులో అది వాళ్ల రాజధాని బుడాపెస్ట్‌లో జరగాలి. అప్పటి విదేశాంగ అధిపతి బోరెల్ కన్నెర్రజేసి శిక్ష ప్రకటించారు: మీ ఊరికి రాం, బ్రస్సెల్స్‌లోనే పెట్టుకుంటాం. శిక్ష పడిన హంగరీ మంత్రి విమానమెక్కి బ్రస్సెల్స్ వచ్చారు, అందరితోపాటే కూర్చున్నారు. వీటో కూడా వెంటే తెచ్చుకున్నారు.