గాలం లేకుండా తుపాకీ

ఫ్లోరిడాలో నిన్నమొన్నటి దాకా తుపాకీ పదిమందికీ కనబడేలా నడుముకు పెట్టుకుని తిరగాలంటే చేతిలో గాలం ఉండాలి. వెటకారం కాదు, చట్టం అలాగే ఉండేది. చేపలు పట్టేవాళ్లకు, వేటకు పోయేవాళ్లకు, అడవిలో గుడారం వేసుకునేవాళ్లకు మినహాయింపు, ఆ పని మీద వెళ్తున్నా తిరిగొస్తున్నా సరే. మిగతావాళ్లు చొక్కా కింద దాచుకోవాల్సిందే. అందుకని ఓపెన్ క్యారీ, అంటే తుపాకీ బయటికి కనబడేలా పెట్టుకునే హక్కు, కావాలనే సంఘాలవాళ్లు ఏళ్ల తరబడి నిరసన పేరు మీద ఒక చేత్తో గాలం పట్టుకుని, నడుముకు పిస్తోలు వేలాడేసుకుని సముద్రంలోకి కట్టిన వంతెనల్లాంటి ఫిషింగ్ పియర్ల మీదికి గుంపుగా వచ్చేవాళ్లు. ఎన్ని చేపలు పడ్డాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

2025 సెప్టెంబర్ 25 నుంచి ఓపెన్ క్యారీ మీద ఆ నిషేధం పోయింది, గాలం ఖర్చు తప్పింది.

నేను టాంపా పక్కన పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. ఆ వారం మా తెలుగు వాట్సాప్ గ్రూపులు చూడాల్సింది. సగం మంది "ఇక పెట్టెలు సర్దుకోవడమే" అన్నారు. ఇంకో సగం "మంచి పనైంది, దొంగవెధవలకు ఇప్పుడైనా భయం ఉంటుంది" అన్నారు. మధ్యలో ఒకాయన ఎప్పట్లాగే శుభోదయం వినాయకుణ్ణి పంపాడు. నేను రెండు పక్షాల్లోనూ లేను. నా దగ్గరా ఒక పిస్తోలుంది, దాచేదేముంది. 2020లో కొన్నాను. పడగ్గదిలో సేఫ్‌లో ఉంటుంది. దాని నంబరు నేను రెండుసార్లు మర్చిపోతే మా ఆవిడే చెప్పింది. కాబట్టి తుపాకీ పేరెత్తితే ఒణికిపోయే బాపతు కాదు నేను. నా బాధ వేరు. దానికి ముందు ఇది ఎలా వచ్చిందో చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది "డిశాంటిస్ తెచ్చాడు" అనే అనుకుంటున్నారు.

ఓపెన్ క్యారీ కావాలని గవర్నరు డిశాంటిస్ అన్న మాట నిజమే. తెచ్చింది ఆయన కాదు, చట్టసభ కూడా కాదు. పాతికేళ్లకు పైగా రిపబ్లికన్ల చేతిలోనే ఉన్న చట్టసభ ఈ ఒక్క బిల్లు దగ్గరకొచ్చేసరికి ప్రతిసారీ మొహం చాటేసింది. 1987లో దాచుకుని తిరగడానికి అర్హత ఉన్న ప్రతివాడికీ లైసెన్సు ఇచ్చి తీరాలని చట్టం చేసిన రాష్ట్రం ఇది. తర్వాత దేశంలో చాలా రాష్ట్రాలు దాన్నే చూసి రాసుకున్నాయి. అదే 1987లో, అదే సభ, బయటికి కనబడేలా పెట్టుకోవడాన్ని నిషేధించింది. 2016లో తండ్రీకొడుకులు, ఎగువ సభ సెనేట్‌లో డాన్ గేట్జ్, దిగువ సభ హౌస్‌లో మాట్ గేట్జ్, కూడబలుక్కుని ఓపెన్ క్యారీ బిల్లు పెట్టారు. హౌస్‌లో గట్టెక్కింది, సెనేట్ కమిటీలో మునిగింది. మునిగేలా చేసింది కూడా రిపబ్లికన్ ఛైర్మనే. 2023 జులై 1 నుంచి అసలు లైసెన్సే లేకుండా దాచుకుని తిరగొచ్చని చట్టం చేశారు. అప్పుడూ ఓపెన్ క్యారీని మాత్రం పక్కన పెట్టారు. 2024 చివర్లో సెనేట్ అధ్యక్షుడైన బెన్ ఆల్‌బ్రిటన్ తరతరాల నారింజ తోటల రైతు, తుపాకులకు శత్రువేమీ కాదు. ఆయన కూడా షెరీఫ్‌లు, అంటే కౌంటీల పోలీసు పెద్దలు, వద్దంటున్నారు కాబట్టి నేనూ వద్దంటున్నాను అన్నాడు.

షెరీఫ్‌లు ఎందుకు వద్దన్నారో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గొడవ జరుగుతోందని ఫోనొస్తే పరుగున వచ్చే పోలీసుకు నడుముకు తుపాకీ ఉన్నవాళ్లు నలుగురు కనబడితే ముందు ఎవణ్ణి చూడాలి? పైగా ఈ రాష్ట్రం బతికేది పిల్లల్ని వెంటబెట్టుకుని ఓర్లాండో వచ్చే టూరిస్టుల మీద. ఓటు బ్యాంకు ఒకవైపు, హోటల్ గదులు ఒకవైపు. నాయకులకు రెండూ కావాలి. బిల్లు కమిటీలో చస్తే రెండూ దక్కుతాయి. మన దగ్గర ఇలాంటి విద్య తెలియని ఎమ్మెల్యే ఉంటాడా?

చివరికి దారి కోర్టులోంచి పడింది. 2022 జూన్ 23న అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్క్ కేసులో, బ్రూయెన్ తీర్పు అంటారు, తుపాకీ ఆంక్ష ఏదైనా ఈ దేశ చరిత్రలో దానికి పోలిక ఉంటేనే నిలుస్తుందని చెప్పింది. సరిగ్గా పదకొండు రోజులకి, జులై 4న, పెన్సకోలా ఊరి నడిబొడ్డున ఒకాయన చేత్తో రాజ్యాంగం ప్రతి పట్టుకుని, నడుముకు పిస్తోలు కనబడేలా పెట్టుకుని నిలబడ్డాడు. అరెస్టు కావాలనే నిలబడ్డాడు, అయ్యాడు, శిక్షా పడింది. ఆ అప్పీలు మీదే 2025 సెప్టెంబర్ 10న టాలహాసీలోని అప్పీళ్ల కోర్టులో ముగ్గురు జడ్జిలు 1987 నిషేధాన్ని కొట్టేశారు. 2017లో ఇదే నిషేధం సరైనదేనని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పిందిగా అంటే, అది బ్రూయెన్‌కు ముందు మాట అన్నారు. రాష్ట్రంలో ఉన్న అప్పీళ్ల కోర్టుల్లో అది ఒక్కటి మాత్రమే. కానీ ఇంకో అప్పీళ్ల కోర్టు కాదనే దాకా కింది కోర్టులన్నీ ఆ మాటే వినాలి. రాష్ట్రం తరఫున పై కోర్టుకు వెళ్లాల్సిన అటార్నీ జనరల్ జేమ్స్ ఉత్‌మయర్ తీర్పు బాగుందన్నాడు. అప్పీలు లేదు. వారం తిరక్కుండానే ఇక ఎవర్నీ అరెస్టు చేయకండని పోలీసులకు చెప్పేశాడు. సెప్టెంబర్ 25న తీర్పు అమల్లోకి వచ్చింది.

ఒక్క ఓటు పడలేదు. అడిగినవాళ్లకు బిల్లుతో దొరకనిది, వద్దన్నవాళ్లకు బిల్లుతో ఆగినది, మూడు సంతకాలతో అయిపోయింది. న్యూయార్క్, ఇల్లినాయి, కాలిఫోర్నియా, కనెక్టికట్ లాంటి చోట్ల ఉన్న మన చుట్టాలు "మా దగ్గర ఛాన్సే లేదు, మా అసెంబ్లీ ఒప్పుకోదు" అని ధీమాగా ఉన్నారు. మా అసెంబ్లీ కూడా ఒప్పుకోలేదండీ బాబూ.

ఇక్కడ ఓపెన్ క్యారీవాళ్ల వాదనలో నాకు నచ్చేది కూడా ఒకటుంది, చెప్పకపోతే తప్పు. పాత కాలంలో అమెరికాలో దాచిపెట్టుకోవడమే దొంగబుద్ధి. బయటికి పెట్టుకునేవాడు నిజాయితీపరుడు. 1846లో జార్జియా సుప్రీంకోర్టు నన్ కేసులో సరిగ్గా అదే చెప్పింది: దాచుకోవడాన్ని నిషేధించు, బయటికి పెట్టుకోవడాన్ని నిషేధించకు. అంతకంటే చేదు సంగతి, ఆంక్షలు ఎవరి కోసం పుట్టాయన్నది. ఫ్లోరిడా 1893లో రైఫిళ్లకు లైసెన్సు చట్టం తెచ్చింది. 1941లో ఇదే రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి బ్యూఫోర్డ్ తీర్పుతో ఏకీభవిస్తూ విడిగా, దాచకుండా రాశాడు, అది నల్లజాతి కూలీల చేతుల్లోంచి తుపాకులు లాగేయడానికి చేసిన చట్టం, తెల్లవాళ్లకు వర్తింపజేయాలన్న ఉద్దేశమే లేదు అని. కాలిఫోర్నియాలో 1967లో నల్లజాతి ఉద్యమకారులు బ్లాక్ పాంథర్లు తుపాకులతో తిరుగుతుంటే దాన్ని ఆపడానికి ఆగమేఘాల మీద మల్ఫర్డ్ చట్టం వచ్చింది. సంతకం పెట్టిన గవర్నరు రోనల్డ్ రీగన్. మనకిది కొత్తేం కాదు. 1878లో వైస్రాయి లిట్టన్ దొర తెచ్చిన ఆయుధాల చట్టంలో మనవాళ్లకు లైసెన్సు కావాలి, దొరలకు అక్కర్లేదు. అంచేత "తుపాకీ నిషేధం అంటే నాగరికత" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లతో నేను కలవలేను. నిషేధం ఎవరి మీద అన్నది ముందు చూస్తాను.

అలా చూస్తే ఇవాళ ఎవరి మీద ఉంది? మన మీద.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీదో హెచ్-1బి ఉద్యోగ వీసా మీదో ఉన్నవాడు తుపాకీ కాదు, తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదు. అది ఫెడరల్ చట్టం, ఫ్లోరిడా ఏం చేసినా మారదు. మినహాయింపుల్లో జనానికి ఎక్కువ తెలిసింది వేట లైసెన్సు. అది ఉంటే కొనుక్కోవచ్చు. జింకను కొట్టే ఆలోచన కలలో కూడా లేని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కొందరు అందుకే వేటగాళ్లయ్యారు. ఆ నిరసనవాళ్లకు గాలం, వీళ్లకు జింక. ఈ దేశంలో తుపాకీ పట్టాలంటే ఏదో ఒక ప్రాణి సాయం కావాలనుకుంటా.

ఇప్పుడు నా బాధ. మన ఊళ్లలో తుపాకీ బయటికి కనబడిందంటే అర్థం ఒకటే, హోదా. ఆయన వెనక గన్‌మెన్ ఎంతమంది, ఇద్దరా నలుగురా? ప్రభుత్వం మారగానే గన్‌మెన్‌ను తీసేస్తే ఆయన అలిగి ప్రెస్‌మీట్ పెడతాడు. లైసెన్సున్న పెద్దమనుషులైనా ఎన్నికలొస్తే తుపాకీ తీసుకెళ్లి స్టేషన్లో అప్పజెప్పాల్సిందే. ఇక్కడ ఎవడికి వాడే గన్‌మెన్. దాని భాష మాత్రం ఒకటే. చొక్కా కింద ఉన్న తుపాకీ పెట్టుకున్నవాడి కోసం. చొక్కా బయట ఉన్నది ఎదుటివాడి కోసం. చూడమనే పెట్టుకుంటాడు.

ఆ ఎదుటివాడు ఎవడు? మామూలు మనిషికి వెళ్లిపోయే వీలుంది. కాఫీ షాపులో నచ్చకపోతే కప్పు పట్టుకుని బయటికొస్తాను. వెళ్లే వీల్లేనివాడు ఒక్కడే, కౌంటర్ అవతలివాడు. రాత్రి పదకొండింటికి గ్యాస్ స్టేషన్లో సిగరెట్లు, లాటరీ టికెట్లు అమ్ముతున్న మన కుర్రాడు. గుంటూరో కరీంనగరో, మాస్టర్స్‌కు వచ్చి, అప్పు వడ్డీ కోసం షిఫ్టు చేస్తున్నవాడు. లోపలికొచ్చినవాడి నడుముకు పిస్తోలుంటే వాడు మంచివాడా కాదా అని మూడు సెకన్లలో తేల్చుకోవాల్సింది ఈ కుర్రాడే. ఆ చూపు నిన్నటి దాకా తేలిక, కనబడితే ప్రమాదం. ఇప్పుడు కనబడితే హక్కు. తీసి కోపంగా ఆడిస్తే నేరమని చట్టంలో ఉంది, నిజమే. నడుముకున్న ఒరలోంచి చేతికి రావడానికి ఎంతసేపు పడుతుందో చట్టంలో లేదు.

"ఓనరు వద్దంటే సరి" అంటారు గ్రూపులో లాయరు గారు. సరే. సొంత షాపులోకి తుపాకీతో రావద్దనే హక్కు ఓనరుకుంది, పొమ్మన్నాక పోకపోతే అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. టెక్సస్ 2016 జనవరి 1 నుంచి చేతి తుపాకులకు ఓపెన్ క్యారీ ఇచ్చినప్పుడు 30.07 అని ఒక బోర్డు పెట్టింది. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, అక్షరం అంగుళం ఎత్తు, ఏ మాటలు రాయాలో చట్టమే చెబుతుంది. తలుపు మీద అది ఉందంటే చెప్పినట్టే లెక్క. ఫ్లోరిడాలో తీర్పు వచ్చింది కానీ బోర్డు రాలేదు. చట్టసభ రాసి ఉంటే ఇలాంటివి పక్కనే రాసేది, కోర్టుకు కొట్టేయడమే తెలుసు. ఇక్కడ ఎవరో ఒకరు నోరు తెరిచి "సార్, దయచేసి బయటికెళ్లండి" అనాలి. ఎవరు? ఓనరు ఆ టైముకు ఇంట్లో నిద్రపోతుంటాడు. కౌంటర్లో కుర్రాడే అనాలి. వచ్చినవాడు వెళ్లకపోతే 911కు ఫోన్ చెయ్యాలి. పోలీసులు వస్తే ముందు పేరు రాసుకుంటారు. క్యాంపస్ బయట పని చేయడానికి పర్మిషన్ లేని కుర్రాడు పోలీసులకు పేరు చెబుతాడా? మనందరికీ తెలిసిన సంగతే, పైకి అనుకోం. చట్టం కాపలా పెట్టిన చోట, కాపలాదారు చట్టాన్ని పిలవలేనివాడు.

"వాడి దగ్గర కూడా ఒకటి ఉంటే సరిపోయె కదా" అనే హీరోలకు వీసా సంగతి పైనే చెప్పాను. ఉన్నా ఏమవుతుందో వేరే మాట. 2023 మే 6న టెక్సస్‌లో డాలస్ పక్కన ఆలెన్ మాల్‌లో ఒకడు కాల్పులు జరిపితే ఎనిమిది మంది పోయారు, వాళ్లలో మన తెలుగమ్మాయి ఒకరు. ఓపెన్ క్యారీ వచ్చి ఏడేళ్లు దాటిన రాష్ట్రం అది. ఆ రోజు వాణ్ణి ఆపింది వేరే పని మీద అక్కడికొచ్చిన ఒక పోలీసు. దీన్ని బట్టి ఓపెన్ క్యారీ వల్లే జరిగిందని నేననను, అలా అనడం అన్యాయం. కనబడే తుపాకీకి దొంగ భయపడతాడన్న నమ్మకం మాత్రం ఎక్కణ్నుంచి వస్తోందో నాకర్థం కాలేదు.

ఇంతకీ ఈ పోస్టు ఎందుకంటే, పోయిన వారం ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. రెండు గ్యాస్ స్టేషన్లున్నాయి ఆయనకు. "అన్నా, తలుపు మీద ఒక బోర్డు పెడదామనుకుంటున్నా, నీ ఇంగ్లీషు బాగుంటుంది, కాస్త రాసిపెట్టు" అన్నాడు. కూర్చుని గంటసేపు కొట్టుకున్నాం. గట్టిగా రాస్తే పికప్ ట్రక్కుల బేరం పోతుంది. మెత్తగా రాస్తే చదివినవాడు నవ్వుకుంటాడు. "దయచేసి" ఉండాలా వద్దా అన్న దాని మీదే పావుగంట పోయింది. చివరికి రెండు లైన్లు కుదిరాయి, ప్రింటుకిచ్చాడు.

"అది చూసి కూడా లోపలికొస్తే చెప్పేదెవరు?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "నైట్ షిఫ్ట్‌లో కొత్త కుర్రాడున్నాడులే అన్నా, ఖమ్మం. బాగా నెమ్మదస్థుడు."